మిలిటరీ వాళ్లు మొక్కిన దిబ్బ

మొన్న ప్రొద్దుటూరులో ఒక పెళ్లికి పోతే, ఒకప్పుడు మా ఊరిని రెండు ముక్కలు చేసిన ఆ ఇద్దరు నాయకులూ ఒకే పార్టీ కండువాలు కప్పుకుని, ఒకే బంతిలో కూర్చుని, ఒకరి ఓళిగ మీద మరొకరు నెయ్యి వేయిస్తూ కనిపించారు. నేను నా ఓళిగ అట్లాగే వదిలేసి లేచాను. తిండి మీద అలిగే అలవాటు నాకు లేదని నన్నెరిగిన వాళ్లందరికీ తెలుసు.

ఇది ఫ్యాక్షన్ రోజుల నాటి మాట. జమ్మలమడుగుకు దిగువన, పెన్నేటి ఒడ్డున మా ఊరు. ఒక ఏడు వరదకు ఏటికట్ట తెగితే పూడ్చడానికి మిలిటరీ ఇంజనీర్లు వచ్చారు. చిన్నప్పుడు ప్రొద్దుటూరులో ముస్లింల వీధిలో పెరిగినందుకు నాకు నాలుగు ముక్కలు హిందీ వచ్చు గనక, నన్ను దుబాసీని చేశారు. గండికి ఎదురుగా పల్లంలో మా మేనత్త గొర్రెల దొడ్డి. మామ పోయాక ఆమెకు మిగిలిన ఆస్తి ఆ గొర్రెలే. చుట్టూ నీళ్లు కమ్మేసి, అవి నిలబడిన చిన్న మిట్ట మాత్రం తేలి ఉంది.

బస్తాలకు మన్ను కావాలి. గండి పక్కనే పెద్ద దిబ్బ ఉంది, అక్కడ తవ్వుదామన్నాడు ఆఫీసరు. ఆ దిబ్బకు తూర్పున ఒక వర్గమూ పడమటన ఇంకో వర్గమూ బాంబులు పాతిపెట్టుకున్నాయని ఊళ్లో అందరికీ తెలుసు. తెలుసని నోరు విప్పినవాడు మాత్రం మర్నాడు ఉండడు.

"ఆడ అమ్మవారు ఉండాదని చెప్పప్పా" అన్నాడు ఒక వర్గం మనిషి.

"శానా మహిమ గల తల్లి" అని అందుకున్నాడు అవతలి వర్గం వాడు.

ఆ రెండు వర్గాలూ ఒక మాట మీద నిలబడటం నేను చూడటం అదే మొదలు. ఆ మాటనే భక్తిగా హిందీలోకి మార్చాను. పాపం ఆఫీసరు టోపీ తీసి బాంబులకు దణ్ణం పెట్టుకుని, మైలు దూరం నుంచి మన్ను మోయించడం మొదలుపెట్టాడు. ఈలోగా గండి ఇంకా వెడల్పయింది.

అత్త తడిసిన కొంగుతో నా ముందుకొచ్చి నిలబడింది. "ఏంది అల్లుడా, నా జీవాలు మునిగిపోతాండాయి, కనపడ్లేదా? ఆయప్పకు నిజం చెప్పు."

రెండు వర్గాల మనుషులూ నన్నే చూస్తున్నారు. ఏమంటోందని ఆఫీసరు అడిగితే, మిమ్మల్ని చల్లగా ఉండమని దీవిస్తోందని చెప్పాను.

నా ముఖం చూసి ఆమెకు అర్థమైపోయింది. ఒక జవాను చేతిలో పార లాక్కుని నేరుగా దిబ్బ మీదికి నడిచింది. ఆమె పార ఎత్తిందో లేదో, మహిమ గల తల్లి భక్తులంతా చెవులు మూసుకుని బోర్లా పడ్డారు. అట్లాంటి మొక్కు ఏ దేశంలోనూ ఉండదు గనక ఆఫీసరుకు నా హిందీతో పని లేకపోయింది. జవాన్లు పరుగెత్తి అత్తను పట్టుకున్నారు, దిబ్బను జాగ్రత్తగా తవ్వి బాంబులు తీశారు, ఆ మన్నుతోనే సాయంత్రానికి గండి పూడ్చారు. అప్పటికి మిట్ట లేదు, దాని మీది గొర్రెలూ లేవు.

ఇప్పుడు ఊళ్లో బాంబులు లేవంటారు. కట్టకు సిమెంటు పూశారు. ఎవరు ఎన్ని పార్టీలు మారారో మారినవాళ్లకే గుర్తులేదు. అత్త మళ్లీ గొర్రెలు పెట్టలేదు. పులివెందులలో కూతురి దగ్గర కాలం వెళ్లదీసి, నన్ను ఇంకోసారి అల్లుడా అని పిలవకుండానే పోయింది. అక్కడ బాంబులున్నాయని చెప్పడానికి ఆ రోజు నాకు కావాల్సింది మూడే మాటలు, వహాఁ బమ్ హై. అంతకంటే తేలికైన హిందీ నాకు ఇప్పటికీ తెలియదు.