ఎనీ డౌట్స్?

కరోనా కాలంలో ఐర్లండ్‌లో నేస్ అనే ఊళ్ళోని మా అద్దె ఇంటి పడకగదిలో కూర్చుని డేటా అనలిటిక్స్ పాఠాలు చెప్పాను. పీహెచ్‌డీ ముగించాక దొరికిన మొదటి లెక్చరర్ ఉద్యోగం అది. ఒక్క ఏడాదికే కాంట్రాక్టు. వేసవిలోపు పొడిగిస్తే నేను లెక్చరర్‌ని, లేకపోతే మళ్ళీ ఇంట్లో కూర్చుని దరఖాస్తులు పెట్టుకునే మనిషిని. హాల్లో మా ఆయన ఆఫీసు మీటింగులు. తలుపుకు ఇటు పక్క నేను, స్క్రీన్ నిండా నల్ల పెట్టెలు. కెమెరా ఎవరూ పెట్టరు. పెట్టమని బతిమాలే ఓపిక నాకు మొదట్లోనే పోయింది.

ఒక్కో అంశం అయ్యాక ఆగి, "ఎనీ డౌట్స్?" అని అడిగేదాన్ని. గుంటూరు ట్యూషన్ల నుంచి ఎంటెక్ దాకా నాకు తెలిసిన మాట అదే. మనకు ప్రశ్నలుండవు, డౌట్లే ఉంటాయి. ఎవరూ పలికేవారు కాదు. క్లాసులో కొందరు మన తెలుగు పిల్లలున్నారు గానీ వాళ్ళు అందరి ముందూ నోరు విప్పే రకం కాదు, తర్వాత "మేడమ్, చిన్న డౌట్" అని విడిగా మెసేజ్ పెట్టేవాళ్ళు. మిగతావాళ్ళకు అర్థమైపోయిందనుకుందామంటే వాళ్ళ అసైన్‌మెంట్లు వేరే కథ చెప్పేవి. చెవిటివాడి ముందు శంఖం ఊదడమంటే ఏమిటో ఆ చలికాలంలో తెలిసొచ్చింది.

"ఏవిటీ, ఇవాళేమన్నా పలికిందా మీ గోడ?" అని మా ఆయన అన్నం వడ్డించుకుంటూ వేళాకోళమాడేవాడు. మొదట్లో నవ్వేదాన్ని. తర్వాత్తర్వాత కోపం వచ్చేది. కొన్నాళ్ళకు అదీ రావడం మానేసింది.

మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు, మా డిపార్ట్‌మెంట్ హెడ్ ఒకరోజు నా ఆన్‌లైన్ క్లాసులో కూర్చుంటానని కబురు పెట్టారు. కాంట్రాక్టు సంగతి ఆ తర్వాతే తేలుస్తారట. ఆరోజు రెండు డేటా టేబుళ్ళను కలిపి సమాచారం తీయడం చెప్పాను. చివర ఎప్పటిలాగే "ఎనీ డౌట్స్?" అన్నాను. ఉలుకూ పలుకూ లేదు. రెండోసారి అడిగాను. గొంతులో విసుగు నాకే వినిపించింది.

అప్పుడొకామె మైక్ ఆన్ చేసింది. ఆసుపత్రిలో రికార్డుల పని చేస్తూ, పిల్లలు ఎదిగాక మళ్ళీ చదువుకుంటున్న ఐరిష్ ఆమె.

"అయ్యో, యూ ఆర్ గ్రాండ్, ఫరవాలేదు, మిమ్మల్ని అనుమానించేంతదాన్ని కాదు" అంది. "మీరు చెప్పేది నిజమేనని అందరం నమ్ముతున్నాం. కాకపోతే నాకు రెండో వారం నుంచీ ఒక్క ముక్క అర్థం కాలేదు. అది అడగొచ్చా?"

నా మాట మీద ఎవరికైనా అనుమానమా అని నేను నిలదీస్తున్నానని ఇన్నాళ్ళూ వాళ్ళనుకున్నారు. మా వైపు డౌటంటే ప్రశ్నేనని చెప్పాను. నవ్వులు వినిపించాయి. తర్వాత ఒక్కొక్క మైకే తెరుచుకుంది. అసలు టేబుళ్ళెందుకు, ప్రతి వరసకూ ఒక నంబరెందుకు, అన్నీ మొదటి పాఠాల ప్రశ్నలే. హెడ్ వింటున్నారన్న సంగతి తెలుస్తూనే ఉంది. పరువెలాగూ గంగలో కలిసింది కదా అని స్లైడ్లు మూసేసి, ఒకే పేరున్న ఇద్దరు పేషెంట్లను ఎలా పోల్చుకుంటారని ఆమెనే అడుగుతూ మొదటి నుంచి చెప్పాను. ఆ ఏడాదిలో నాకు అలసట తెలియని క్లాసు అదొక్కటే.

మధ్యాహ్నం హెడ్ ఫోన్ చేశారు. "చివరి భాగం చాలా బాగుంది. కానీ ఇన్ని వారాలూ క్లాసుకు పాఠం అందలేదని నా చెవులతో విన్నాను. అది రాయక తప్పదు." కాంట్రాక్టు పొడిగించడం లేదన్నారు. థాంక్యూ అన్నాను. ఈ దేశంలో కొన్నేళ్ళుంటే ఫోన్ పెట్టేముందు ఆ మాట దానంతటదే వచ్చేస్తుంది.

ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. వాళ్ళు నోరు మూసుకున్నన్నాళ్ళూ నా ఉద్యోగం నిలిచింది, నోరు విప్పిన రోజే ఊడింది.

మిగిలిన వారాల్లో పిల్లలు అడుగుతూనే ఉన్నారు. కొందరు కెమెరాలు కూడా పెట్టారు. నా సంగతి వాళ్ళకు చెప్పలేదు. ఆఖరి క్లాసులో ఆ ఐరిష్ ఆమె, వంటింట్లో కుక్కను పక్కన కూర్చోబెట్టుకుని అడిగింది:

"వచ్చే ఏడాది నా ప్రాజెక్టుకు మీరే గైడ్‌గా ఉంటారు కదా?"

అందరూ నా జవాబు కోసం చూస్తున్నారు. నేను నీళ్ళు తాగి, "ఇంకెవరైనా అడుగుతారా?" అన్నాను.