అడుగున ఒక గీత

సముద్రం అడుగు ఆమెకు ఒక గదిలో కనపడుతుంది. పరిశోధనశాలలో వరండా చివరి గది అది. కిటికీకి నల్ల కాగితం అంటించి ఉంటుంది. ఒక బల్ల, ఒక తెర, నడుము కోసం దిండు కట్టుకున్న కుర్చీ. పుట్టి బుద్ధెరిగి ఎండ మొహం చూడని చోటును ఆమె ఆ కుర్చీలో కూర్చుని చూస్తుంది.

ఎక్కువగా బురద కనపడుతుంది. బురద, బురద, దోసకాయలాంటి ఒక జంతువు, మళ్ళీ బురద. నీళ్ళలో కెమెరా ఎంత మెల్లగా కదిలిందో తెర మీదా అంత మెల్లగానే కదులుతుంది. ఆమె దాన్ని ఎప్పుడూ పరుగెత్తించదు. మొదలుపెట్టిన రికార్డింగును చివరిదాకా చూడకుండా లేవదు. తెర మధ్యలో రెండు ఎర్ర చుక్కలు పక్కపక్కన వెలుగుతుంటాయి. కెమెరాను మోసే ఇనుప బండికి బిగించిన దీపాలవి. వాటి మధ్య దూరం ఎప్పుడూ జానెడే. అక్కడ పగడమైనా గుంటైనా ఆ జానతోనే కొలవాలి.

'బురద డాక్టరు' అని పేరు పెట్టింది అక్క మొగుడు. సొంత పడవ మీద చేపలు పడతాడు. చదువుకునే రోజుల్లో మొదటిసారి ఆమెను సముద్రం లోపలికి తీసుకెళ్ళింది ఆయనే. రేవు దాటకముందే ఆమె కడుపులో ఉన్నదంతా కక్కుకుంది. "సముద్రం చదువు చదివి సముద్రం పడని మనిషిని నిన్నే చూశాను మరదలా. ఉప్పు పడని వంటమనిషిలా ఉన్నావు" అన్నాడు బావ. ఇప్పుడు ఆమెకు నలభై దాటాయి. ఇప్పటికీ అంతే. సర్వేకు వెళితే మొదటి రోజు బకెట్టు, రెండో రోజు పని.

ఇంకొకటి కూడా మారలేదు. అబద్ధమాడితే ఆమెకు ఎక్కిళ్ళు వస్తాయి. అమ్మ పోయాక అక్కే పెంచింది కాబట్టి ఆ సంగతి మొదట అక్కకు తెలిసింది. తర్వాత బావకు తెలిసింది. బావకు తెలిశాక రేవంతా తెలిసింది.

ఆ ఎక్కిళ్ళ వల్లే ఒకసారి పెద్ద పని జరిగింది. తీరం నుంచి దూరంగా, సముద్రం అడుగు మెట్టు దిగినట్టు దిగిపోయే చోట ఒక వాలు ఉంది. అక్కడ చీకట్లో పెరిగే పగడాలు ఉన్నాయి. ఏడాదికి గోరు మందం పెరిగితే గొప్ప. వల నోరు తెరిచి ఉంచడానికి కట్టే బరువైన ఇనుప పలకలు వాటి మీదుగా ఒక్కసారి వెళితే తాతల నాటి తోట పూట గడవకముందే పిండి అవుతుంది. మొదటి సర్వేలో తీసిన విరిగిన పగడాల ఫొటోలు పట్టుకుని ఆమె పడవల వాళ్ళ సమావేశానికి వెళ్ళింది. చేప పిల్లలు దాక్కునేది ఆ తోటలోనే అని, దాన్ని వదిలేస్తే చుట్టుపక్కల మీకే పడతాయని చెప్పింది.

"చేప ఉన్న చోట వెయ్యొద్దంటే వల ఎక్కడ వెయ్యాలమ్మా, నీ ఆఫీసు మేడ మీదా?" అన్నారు ఎవరో. హాలంతా గోల.

అప్పుడు బావ లేచాడు. "దీన్ని పలక పట్టినప్పటి నుంచీ చూస్తున్నాను. అబద్ధం చెబితే ఎక్కిలి వస్తుంది. ఇంతసేపటి నుంచి వాగుతోంది. ఒక్క ఎక్కిలి విన్నారా?"

నవ్వులు చల్లారాక నెమ్మదిగా అన్నాడు. "ముందు నా పడవ ఆగుతుంది. తర్వాత మీ ఇష్టం."

ఒక్కొక్కరే ఆగారు. సముద్రంలో కంచె కట్టలేరు. ఆ వాలుకు ఉన్న కంచె ఆ మాటే.

అది జరిగి కొన్నేళ్ళయింది. తోట కోలుకుంటోందో లేదో చూడడానికి ఈ ఏడాది అదే వాలు మీదకు కొత్త కెమెరా దించారు. చూసింది చూసినట్టు పడవల వాళ్ళకు చూపించాలి. సమావేశం దగ్గర పడింది. ఆమె నల్ల కాగితం గదిలో కూర్చుంది.

బురద. బురద. విరిగిన పాత పగడం. బురద. అప్పుడు తెర ఎడమ మూల నుంచి ఒక గీత వచ్చింది.

నాగలి చాలులా ఉంది. లోతుగా, అంచులు ఇంకా పదునుగా, వాలుకు అడ్డంగా పడి ఉంది. అలా లాగగలిగింది ఇనుమే. పడవలు ఆగిన తర్వాత కూడా ఎవరో వచ్చారు. అంత లోతుకు తీగతాడు దించగల పడవలు ఆ రేవులో వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. వాటిలో బావది ఒకటి. మొన్ననే అక్క ఫోనులో చెప్పింది, చాన్నాళ్ళకు మీ బావకు పడవ నిండా పడిందే అని.

ఆమె రికార్డింగు ఆపేసింది. మధ్యలో ఆపడం అదే మొదటిసారి.

గీత చూపిస్తే, మాట ఇచ్చి అందరినీ ఆపినవాడు దొంగ అవుతాడు. కంచే చేను మేసిందంటారు. ఒకరు దాటారంటే అందరూ దాటుతారు, తోట ఉండదు. చూపించకపోతే ఆమె అబద్ధమాడినట్టు. హాలు మధ్యలో నిలబడి ఎక్కిళ్ళు పెట్టాలి.

ఆదివారం అక్క ఇంటికి వెళ్ళింది. అక్క తలుపు తీస్తూనే చెల్లెలి బుగ్గ పట్టుకుంది.

"ఏమే, మొహం అలా పీక్కుపోయింది? మళ్ళీ పడవెక్కావా?"

"లేదక్కా. బాగానే ఉన్నాను."

ఎక్కిలి వచ్చింది.

లోపల నేల మీద కూర్చుని టేబుల్ ఫ్యాను విప్పుతున్న బావ తల ఎత్తలేదు. "మొదటి అబద్ధం. ఇంకా చెప్పులు కూడా విప్పలేదు."

భోజనాల దగ్గర ఆమె చేప ముక్కను అటూ ఇటూ తిప్పుతూ కూర్చుంది.

"ఏంటి డాక్టరూ, పరీక్ష చేస్తున్నావా? అది పోయింది. అనుమానం లేదు, తిను" అన్నాడు బావ.

"ఈసారి ఎక్కడ పడింది బావా?"

"సముద్రంలో."

అక్క నవ్వింది. ఆమె నవ్వలేదు. బావ అది చూశాడు.

"ఏదో అడగాలని వచ్చావు. అడుగు."

"ఏం లేదు." మళ్ళీ ఎక్కిలి.

అక్క నీళ్ళ గ్లాసు జరిపింది. "నీళ్ళతో తగ్గేది కాదులేవే అది" అన్నాడు బావ.

చెప్పేసింది. వాలు, గీత, పదునైన అంచులు. చెబుతున్నంతసేపూ తన కంచం వైపే చూసింది.

"అది నాదంటావా?"

"అనలేదు."

"అనలేదు, అనుకున్నావు." ఆయన గొంతు పెంచలేదు. "నేను అటు వెళ్ళలేదు. నమ్ముతావా?"

"నమ్ముతాను" అంది.

ముగ్గురూ ఆగారు. ఎక్కిలి రాకూడదని ఆమె ఊపిరి బిగపట్టింది. వచ్చింది.

బావ చెయ్యి కడుక్కుని చొక్కా తగిలించుకుని బయటకు వెళ్ళిపోయాడు. ఫ్యాను ముక్కలు నేల మీద అలాగే ఉన్నాయి. అక్క కంచాలన్నీ తీసి నేల తుడిచింది. చివరికి, "నువ్వు జ్వరమొచ్చి పడుంటే వేట మానేసి నీ పక్కన కూర్చున్నాడే" అంది. తిట్టినా బాగుండేది.

మర్నాడు పొద్దున్నే గది తెరిచి ఆమె తెర ముందు కూర్చుంది. చూసి తీరాలి. ఎంత దూరం లాగారో, ఎంత విరిగిందో చెప్పాలి. ఆపిన చోటు నుంచి మొదలుపెట్టింది.

గీత అలాగే ఉంది. కెమెరా ఇంకాస్త ముందుకు వెళ్ళి మెల్లగా పక్కకు తిరిగింది. అప్పుడు దాని పక్కన ఇంకో గీత వచ్చింది. మొదటిదానికి తోబుట్టువు. అదే లోతు, అదే వంపు.

ఆమె ముందుకు వంగింది. వల పలకలు రెండూ ఒకదానికొకటి ఎంతో దూరంగా ఈడ్చుకుపోతాయి. మధ్యలో ఒక వీధి పట్టేంత ఖాళీ ఉంటుంది. ఒక గీత కనిపించినప్పుడు రెండోది ఎదురుగా కనపడదు. ఇవి బండి చక్రాల జాడల్లా పక్కపక్కనే ఉన్నాయి. ఎర్ర చుక్కలు ఒక గీత మీద నుంచి రెండో గీత మీదకు జరిగాయి. ఆమె వేళ్ళతో తెర మీద జానలు వేసింది. ఎక్కడో చూసిన కొలత. చేతికి తెలిసిన కొలత.

గీతలు కొంతదూరం పోయి ఒక గుంట దగ్గర ఆగిపోయాయి. గుంటలో పసుపు రంగు ఇనుప దిమ్మ ఒకటి పక్కకు ఒరిగి ఉంది. దాని మీద తెల్ల రంగుతో చేత్తో రాసిన అంకె. ఆ అంకె రాసింది ఆమే.

ఆమె వరండాలోకి పరుగెత్తి, సర్వే పడవ మీద తాళ్ళ యంత్రం నడిపే ఆయన్ను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. ఆయన నల్లటి నూనె చేతులు వెనక్కి పెట్టుకుని తెర వైపు చూశాడు.

"ఓర్నీ, మన దిమ్మ! ఇక్కడుందా?"

"ఎప్పుడు పడిపోయిందో గుర్తుందా?"

"గుర్తులేకేం మేడం. మొదటి సర్వే. గాలి ఎక్కువగా ఉంది. కెమెరా బండి ఊగి ఊగి రెండు కాళ్ళతోనూ కింద తగిలింది. కాస్త ఈడ్చుకుపోయింది కూడా. పైకి లాగేసరికి బరువుకు కట్టిన దిమ్మల్లో ఒకటి లేదు."

"నాకు చెప్పలేదే?"

"చెప్పానండి. దిమ్మ పోయిందన్నాను. ఈడ్చుకుపోయిందన్నాను." ఆయన కాస్త మొహమాటపడ్డాడు. "అప్పుడు మీ తల బకెట్టులో ఉంది మేడం. సరే సరే అన్నారు."

ఆమె కుర్చీలో కూలబడింది. ఆ మొదటి రికార్డింగు ఎన్నిసార్లు చూసిందో. మధ్యలో కాసేపు బురద లేచి ఏమీ కనపడని చోటు కూడా తెలుసు. కెమెరా ముందుకు చూస్తుంది. బండి గీసిన గీత వెనక ఉండిపోయింది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, తన గీతకు దొంగను వెతికింది. నవ్వు వచ్చింది. నవ్వుతుంటే కళ్ళ వెంట నీళ్ళు కారాయి. ఆయన చెయ్యి తుడుచుకోవడానికి తెచ్చుకున్న గుడ్డ ఇవ్వబోయి, దాని రంగు చూసి మానేశాడు.

ఆ తర్వాతే రెండు సంగతులు తోచాయి. ఇన్నేళ్ళయినా అంచులు నిన్న గీసినట్టున్నాయి. గాలి, అలలు లేని చోట గాయం మానడం అంత నెమ్మది. ఇది చెప్పాల్సిన మాట. రెండోది, దిమ్మను దగ్గరగా చూసినప్పుడు కనిపించింది. పసుపు రంగు పెచ్చులూడిన చోట చిన్న తెల్లని మొగ్గ ఒకటి ఇనుమును పట్టుకుని ఉంది. పగడం. చిటికెన వేలి గోరంత.

బావ రేవులో పడవ అంచున కూర్చుని వల చిరుగు కుడుతున్నాడు. ఆమె పక్కన కూర్చుని ఫొటో చూపించింది. ఆయన కళ్ళద్దాలు నుదుటి మీద నుంచి దించుకుని చాలాసేపు చూశాడు.

"ఈ పసుపుపచ్చది ఏంటి?"

"మా దిమ్మ. గీత మా కెమెరా బండిది. మొదటి సర్వేలో నేలను తాకి ఈడ్చుకుపోయింది. నేను చూసుకోలేదు."

"నువ్వెక్కడున్నావ్ అప్పుడు?"

"బకెట్టులో."

ఆయన భుజాలు కదలడం మొదలైంది. ముందు చప్పుడు లేదు. తర్వాత పక్క పడవ వాళ్ళు తిరిగి చూసేంత నవ్వాడు. "మమ్మల్నందర్నీ బయట నిలబెట్టి, లోపల నువ్వు దున్నుకున్నావా! కంచే చేను మేసిందన్నమాట."

"బావా, ఆ రోజు నేను..."

"ఊరుకో." సూది మళ్ళీ నడిచింది. "బాధేసింది. లేదని ఎందుకంటాను? మీ అక్క పెట్టిన భోజనం సగంలో వదిలేశాను, అది ఇంకా బాధ." కాసేపు కుట్టాడు. "ఇంటికొచ్చి ఆలోచించాను. నీకు ఎక్కిలి రాకపోతే నేనూ నమ్మేవాణ్ణే, నువ్వు నమ్మావని. ఆ గొంతును చూపించే కదా ఇంతమందిని ఆపాను. నా విషయంలో మాత్రం అది ఊరుకోవాలంటే ఎలా?"

ఆమె వల అంచు పట్టుకుని ఇచ్చింది.

"సమావేశంలో చెబుతావా?"

"చెబుతాను. మొదటి మాట అదే."

సమావేశంలో ఆమె తెర మీద గీత చూపించింది. హాలులో ఒక్కసారిగా గోల లేచింది. ఎవరిది, ఎవరిది అని తలలు తిరిగాయి. కొన్ని తలలు బావ వైపు తిరిగాయి.

"మాది. కెమెరా బండిది. నా పొరపాటు" అంది.

వెనక వరసలో బావ నీళ్ళ సీసా మూత తీసి, అందించడానికి సిద్ధంగా చెయ్యి చాచి కూర్చున్నాడు. ఆమె మొగ్గ ఫొటో పెట్టి, అది ఎన్నాళ్ళకు అంతైందో చెప్పింది. అంచులు ఎందుకు మానలేదో చెప్పింది. గొంతు మామూలుగానే ఉంది. హాలు సద్దుమణిగింది.

బావ ఇంకాస్త చూశాడు. అక్కర్లేదని తేలాక, నీళ్ళు తనే తాగేశాడు.