నేను తిన్న ఇరవై నాలుగు గింజలు

షాహిదా మేడంను మా ఊరి బడి నుంచి పంపించేయమని అర్జీ రాసింది నేనే. చౌడప్ప మామ చెబితే రాశానని తప్పించుకోవచ్చు. ఆయన బడి కమిటీ ఛైర్మను, నాది మంచి చేతిరాత. కానీ చివరి వాక్యం ఆయన చెప్పింది కాదు. ‘మా పిల్లల భవిష్యత్తు అంధకారమైపోతున్నదని మనవి’ అన్నది నా సొంత సరుకు. రాసి, రెండుసార్లు చదువుకొని మురిసిపోయాను.

మా ఊరికి గుమ్మఘట్ట నుంచి ఎనిమిది కిలోమీటర్లు లోపలికి రావాలి. సగం ఇళ్లలో తెలుగు, సగం ఇళ్లలో కన్నడం. బడికి ఒకటే గది, ఐదు తరగతులు, ఇరవై నలుగురు పిల్లలు, ఒక మేడం. ఆమె రాయదుర్గం నుంచి పొద్దున బస్సుకు వస్తుంది. బస్సు రాని రోజు పాల ఆటోలో క్యాన్ల మధ్య కూర్చొని వస్తుంది. ఆమె నాయన కలీముల్లా జీన్స్ ప్యాంట్లు కుట్టేవాడు. వాటికి వేలాడే దారాలు కత్తిరిస్తూ ఈమె చదువుకుంది.

నేను అనంతపురంలో ఇంజనీరింగు రెండో ఏడాదిలో వదిలేసి వచ్చినవాణ్ణి. ఇంట్లో నాయన నాతో మాట్లాడడు. బస్సు ఆగేచోట ఫోను పట్టుకొని కూర్చునేవాణ్ణి. ఆగస్టులో మేడం వాళ్లమ్మ జారిపడి తుంటి ఎముక విరిగింది. పన్నెండు రోజులు సెలవు. పక్క ఊరి సారు మధ్యాహ్నం వచ్చి చూసుకుంటాడు. పొద్దున పూటకు మనిషి కావాలి.

“ఊరికే కూర్చున్నావు కదా కేశవా, బళ్లో కూర్చో” అంది మేడం.

నాకు ఒక చిన్న గుడ్డసంచి ఇచ్చింది. అందులో ఇరవై నాలుగు వేరుశెనగ గింజలు. జూన్‌లో ఇళ్లలో విత్తనానికి కాయలు వలిచేటప్పుడు, ఇంకా మందు పట్టించకముందే, ఒక్కో పిల్ల, ఒక్కో పిల్లవాడు ఇంటి నుంచి ఒక గింజ తెచ్చి ఆమెకు ఇస్తారు. ఎవరి గింజ ఏదో వాళ్లకు గుర్తు.

“పొద్దున ఇవన్నీ ఎడమ జేబులో వేసుకో. ఒకరు నోరు తెరిచి మాట్లాడితే, వాళ్ల గింజ కుడి జేబులోకి మార్చు. సాయంత్రానికి ఎడమ జేబులో మిగిలినవాళ్ల దగ్గరే రేపు మొదలుపెట్టు. ప్రశ్న అడిగినాక నోరు మూసుకో. లోపల పదిదాకా లెక్కపెట్టు. చెయ్యెత్తినవాణ్ణి కాదు, ఎత్తనివాణ్ణి పేరు పెట్టి పిలువు.”

నాకు నవ్వొచ్చింది. అది చూసి ఆమె ఇంకో మాట చెప్పింది. “ఐదో తరగతి నుంచి పదో తరగతి దాకా నన్నెవరూ ఒక్క ప్రశ్న అడగలేదు కేశవా. వెనక గోడకు ఆనుకొని కూర్చునేదాన్ని. ఇంటికి పోతే మా అమ్మ నన్ను వెనక్కి తిప్పి, వీపు మీద సున్నం దులిపేది. దులుపుతూ ఇవాళ కూడానా అనేది.”

నేను సరే మేడం అన్నాను. సంచి జేబులో వేసుకున్నాను.

మొదటి రోజు లెక్క అడిగి పదిదాకా ఎంచడం మొదలుపెట్టాను. మూడు దగ్గరే విసుగొచ్చింది. బళ్లో చప్పుడు లేకపోతే నాకు ఊపిరాడలేదు. చెయ్యి జేబులోకి పోయింది. పచ్చి పప్పు, తియ్యగా ఉంది. ఇంకొకటి. మూడో రోజుకు సంచి ఖాళీ అయింది.

ఆ తర్వాత నా పద్ధతిలో నేను చెప్పాను. గట్టిగా చెప్పడం, గట్టిగా చెప్పించడం. ముందు వరసలో ముగ్గురు చురుకైనవాళ్లు ఉన్నారు, వాళ్లు అరిస్తే మిగతావాళ్లు వెనకే అరుస్తారు. ఎక్కాలు, భాగహారం, ఆంధ్రప్రదేశ్ జిల్లాలు, అన్నీ అరుపే. ఫోనులో వీడియో తీసి స్నేహితులకు పంపాను. నేను పుట్టిందే ఇందుకేమో అనుకున్నాను.

బడికి ఎదురుగా చిల్లర కొట్టు అరుగు ఉంది. చౌడప్ప మామ పగలంతా అక్కడే ఉంటాడు. బడి నడుస్తున్నదీ లేనిదీ ఆయన చెవులతో తేల్చుకుంటాడు. ఆయనొక్కడే కాదు, మా ఊరంతా అంతే. పిల్లల గొంతు రోడ్డు మీదికి వినిపిస్తే చదువు వస్తున్నట్టు, వినిపించకపోతే మేడం నిద్రపోతున్నట్టు.

“ఇదిరా చదువంటే” అన్నాడు మామ, ఒక మధ్యాహ్నం నాకు టీ ఇప్పించి. “ఆయమ్మ ఉన్నెప్పుడు చావింటి మాదిరి ఉంటాండె. ప్రశ్న అడుగుతాదంట, ఊరికే నిలబడతాదంట. నిలబడేదానికి మేడం ఎందుకప్పా, కట్టె పాతితే సాలదా?”

అందరం నవ్వాం. నేను అందరికంటే గట్టిగా నవ్వాను. ఆ టీ అయిపోయేలోపే అర్జీ తయారైంది. ఆదివారం మామ పదిహేడు ఇళ్లు తిరిగి సంతకాలు పెట్టించాడు. బుధవారం గుమ్మఘట్టలో ఎంఈఓ ఆఫీసులో ఇవ్వాలని అనుకున్నారు.

మంగళవారం మేడం తిరిగొచ్చింది. వచ్చీరాగానే చెయ్యి చాపింది. నేను సంచి ఇచ్చాను.

“ఖాళీగా ఉందేమి?”

“తినేసినా మేడం” అని నవ్వాను. ఆమె కూడా నవ్వుతుందనుకున్నాను. పిల్లల్లో ఒక్కరూ నవ్వలేదు. వెనక గోడ దగ్గర నుంచి గంగాదేవి లేచింది. నాలుగో తరగతి పిల్ల, గొర్రెలోళ్ల ఇల్లు, ఇంట్లో కన్నడం. పన్నెండు రోజుల్లో నేను ఆ పిల్ల గొంతు విన్నది అదే మొదటిసారి.

“నాది మొదటి రోజే తినేసినాడు మేడం. ఒకపక్క పొట్టు లేచిపోయింటాండె, అదే. నేను చూసినా.”

“మరి అన్నకు చెప్పాల్సింది కదమ్మా, అది నాదని.”

“అన్న నన్ను ఏమీ అడగల్యా.”

మేడం ఆ పిల్లను దగ్గరికి పిలిచి వెనక్కి తిప్పింది. నీలం గౌను వీపంతా తెల్లగా సున్నం. మేడం చేత్తో మెల్లగా దులిపింది. దులిపినంతసేపూ నేను నేల చూశాను.

తర్వాత నాలుగు, ఐదు తరగతుల వాళ్లను పిలిచింది. తొమ్మిది మంది. “అన్న భాగహారం చెప్పినాడంట కదా. నలభై రెండును మూడుతో భాగించి పలక మీద రాయండి. ఎవరూ నోటితో చెప్పకూడదు.” పలకలు ఎత్తమంది. రెండే సరిగ్గా ఉన్నాయి.

“నిన్న అందరూ చెప్పినారు మేడం” అన్నాను.

“అందరూ కలిసి అరిస్తే, రానివాళ్లకూ వచ్చినట్టే వినిపిస్తుంది కేశవా.”

గంగాదేవి పలక ఖాళీ. మేడం ఆమె ముందు కింద కూర్చొని, “మీ నాయనకు నలభై రెండు గొర్రెలు, మూడు దొడ్లు. సమంగా తోలాలి. ఎట్లా తోలుతాడు?” అని అడిగింది. అడిగి ఊరుకుంది.

నేను లోపల ఎంచాను. పది అయింది. ఇరవై అయింది. ఎవరో చెప్పబోతే మేడం వేలు ఎత్తింది. ముప్పై దాటింది. గంగాదేవి పెదాలు కదులుతున్నాయి. ముందు పది పది చొప్పున తోలింది. మిగిలిన పన్నెండును ఒక్కొక్కటిగా వేళ్ల మీద తోలింది. “దొడ్డికి పద్నాలుగు” అని, “మా నాయన అయితే కుంటిదాన్ని వేరే కడ్తాడు” అంది. మేడం నవ్వి, ఆ మాటను కూడా పలక మీద బొమ్మగా గీయమంది.

ఇదే, నిలబడడం అని నేను అర్జీలో రాసింది.

బయట నుంచి మామ గొంతు. “ఏమప్పా కేశవా, మళ్ళా మూగబోయెనే బడి.”

నేను అరుగు దగ్గరికి పోయాను. “అర్జీ ఇచ్చేయి మామా, చించేస్తా. అది తప్పు.”

“తప్పా? నువ్వే రాస్తివి గదరా. అంధకారం, గింధకారం అని.”

“లోపలికొచ్చి చూడు ఒకసారి.”

“నాకు లెక్కలు రావు, చూసి ఏం చేసేది?” ఆయన కాగితం జేబులోంచి తీశాడు. అది నా చేతిలో పెట్టాడు. “చించితే ఊరోళ్లు నన్ను అడుగుతారు. అందరి ఇండ్లకూ నువ్వే పో. వాళ్ల సంతకాలు వాళ్లే కొట్టేస్తే, ఆఖర్న నాది నేను కొట్టేస్తా. పొద్దు గుంకేలోపల తేకుంటే రేపు పోతాండా.”

పదిహేడు ఇళ్లు. ప్రతి గడప దగ్గరా అదే చెప్పాలి. అర్జీలో రాసింది అబద్ధం, మీ పిల్లకు చదువు చెప్పింది ఆమె, మీ పిల్ల గింజ తినింది నేను. మూడో ఇంటి దగ్గర అంజనమ్మవ్వ చీపురు ఆపి విని, “ఆకలేసింటే అన్నం అడగాల్సింది గదప్పా, పెడ్తా ఉంటిమి” అంది. ఎగతాళి కాదు, నిజంగానే అంది. తిట్టి ఉంటే బాగుండేది.

తిన్నదానికి బదులు పిల్లకొక గింజ కూడా అడిగాను. విత్తిన చేను సగం మొలవనే లేదు, ఇళ్లలో గింజ కరువు. ఒకరు బానలో చేయిపెట్టి వెతికారు, ఒకరు చాట దులిపారు. లేదనకుండా తెచ్చిపెట్టారు. ఆ చేతుల వైపు చూడలేకపోయాను.

గంగాదేవి ఇల్లు చివరిది. వాళ్లమ్మ నల్లమ్మ ఆదివారం అర్జీ మీద వేలిముద్ర వేసింది. “ఏసిన వేలును ఎట్ల కొట్టేసేదప్పా?” అంది. దాని మీదే ఇంకో ముద్ర వేయించాను. గింజ మాట ఎత్తేసరికి ఆ పిల్ల దొడ్డిలోంచి వచ్చింది. వాళ్లకు చేను లేదు. జూన్‌లో తెచ్చిన గింజ ఎవరి చేలోనో ఏరుకున్నది.

“నాది నేనే తెస్తా, మేడంకిస్తా. నీ చేతికియ్యను.”

పొద్దు గుంకేలోపు మామ తన సంతకం కొట్టేశాడు. కాగితం నాకే ఇచ్చాడు.

మరునాడు పొద్దున మేడం బస్సు దిగగానే ఆ కాగితం, ఇరవై మూడు గింజలు ఆమె చేతిలో పెట్టాను. నిలబడే మొత్తం చదివింది. “చేతిరాత బాగుంది” అంది. తర్వాత కింది వాక్యం మీద వేలు పెట్టింది. “ఇది ఎవరు చెప్పి రాయించినారు?”

“ఎవరూ లేదు మేడం. నాదే.”

ఆమె కాగితం నాలుగు మడతలు పెట్టి నాకే ఇచ్చేసింది. ఆ పన్నెండు రోజులూ నన్ను నమ్మినందుకు తనమీదే కోపం వచ్చినట్టు, తల పక్కకు తిప్పుకుంది.

గంగాదేవి పిడికిలి బిగించుకొని వచ్చింది. నన్ను దాటుకొనిపోయి, తానే సంచిలో గింజ వేసింది. తర్వాత నా ప్యాంటు జేబు వైపు చూసింది. ఖాళీ అని చూపించడానికి జేబు బయటికి తిప్పాను. అయినా మేడం సంచికి తాడు బిగించేదాకా ఆ పిల్ల అక్కడి నుంచి కదల్లేదు.