గొర్రెపిల్ల రాయి

మొన్న శుక్రవారం మా పక్కింటి అమ్మాయి నా ఫోనుకి ఒక మ్యాపు పంపింది. మా డబ్లిన్‌లో, అంటే ఐర్లండులోది కాదు, కాలిఫోర్నియాలో మేముండే డబ్లిన్‌లో, వెనకటి రోజుల్లో ఐర్లండు నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళ ఆనవాళ్ళన్నీ కలుపుతూ ఒక నడకదారి గుర్తించారట. పాత బడి, తెల్ల చెక్కల చర్చి, దాని పక్కన శ్మశానం, అన్నీ ఉన్నాయందులో. "ఆంటీ, సండే హెరిటేజ్ వాక్ ఉంది, జాయిన్ అవుతారా? మీకు దారి నేను చూపిస్తా" అని కింద రాసింది. తాతకు దగ్గులు నేర్పడమంటే ఇదే కాబోలనుకుని నవ్వుకున్నాను. ఆ దారికి హెరిటేజ్ అన్న పేరు రాకముందే నేనూ మా అత్తగారూ దాన్ని అరగదీశాం.

అప్పట్లో ఈ ఊళ్ళో మన వాళ్ళ ఇళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఉన్న ఒక్క కారూ మావారితో ఆఫీసుకి వెళ్ళిపోయేది. డిపెండెంట్ వీసా మీద వచ్చిన నాకు ఉద్యోగం లేదు, డ్రైవింగ్ రాదు, కడుపుతో ఉన్నాను. పురిటికి మా అమ్మకు వీసా దొరక్కపోవడంతో అత్తగారే వచ్చారు. రోజూ నడవమని డాక్టరమ్మ చెప్పింది గాని, ఫ్రీవే పక్కన ఎండలో ఎక్కడికని నడుస్తాం? అపార్ట్‌మెంటు నుంచి కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళగలిగిన చల్లటి చోటు ఆ చర్చి ఆవరణ ఒక్కటే. చెట్లూ, గడ్డీ, వరసగా రాళ్ళూ, రాళ్ళ మీద పేర్లూ ఉండేవక్కడ.

అత్తగారికి ఇంగ్లీషు రాదు. మన గుళ్ళల్లో మెట్టుకీ, స్తంభానికీ, ఫ్యానుకీ దాతల పేర్లు రాయిస్తారు కదా, ఇవీ అవేననుకున్నారు. చిన్న గుడికి ఇంతమంది దాతలా అని ముచ్చటపడిపోయేవారు. ఎత్తయిన రాయి కనిపిస్తే పెద్ద మొత్తమిచ్చి ఉంటాడని తేల్చేవారు. ఒక మూల మోకాలెత్తు రాయి మీద పడుకున్న గొర్రెపిల్ల బొమ్మ చెక్కి ఉంటే, పాపం లేనివాడు, ఉన్న గొర్రెపిల్లనే ఇచ్చుకున్నాడని దాని తల నిమిరి మరీ వచ్చేవారు. అసలు సంగతి నాకు తెలుసు. చెబితే మరునాటి నుంచి నాలుగు గోడలే గతి గనక నోరు మెదపలేదు.

ఒకరోజు భోజనాల దగ్గర ఆ దాతల గొప్పతనం కొడుక్కి చెబుతుంటే, మావారు ముద్ద నోట్లో పెట్టుకుంటూనే "అది శ్మశానం కదమ్మా" అనేశారు. అంతే, కంచం ముందు నుంచి లేచారు ఆవిడ. తాను తలస్నానం చేసి, నాకు చేయించి, ఇంటినిండా పసుపునీళ్ళు చల్లి, కడుపుతో ఉన్నదాన్ని ఎక్కడెక్కడ తిప్పానురా దేవుడా అని కూలబడ్డారు. నాకు నవ్వాగలేదు. కాసేపటికి ఆవిడ మొహం చూసి ఊరుకున్నాను.

ఆ పైన నడక బంద్. ఆవిడ మాట కూడా తగ్గిపోయింది. భయమేమో అనుకున్నాను. ఒక మధ్యాహ్నం చిక్కుడుకాయలు ఒలుస్తూ, తలెత్తకుండానే అడిగారు.

"ఆ గొర్రెపిల్ల రాయి ఎవరిదమ్మాయ్?"

పసిపాపది అత్తయ్యా, ఏడాది కూడా నిండలేదు అన్నాను.

"పసిగుడ్డుకి కూడా రాయి వేస్తారా వీళ్ళు?"

కాయలన్నీ ఒలవడం అయ్యాక చెప్పారు. మావారికి ముందు ఒక ఆడపిల్ల పుట్టిందట. బారసాల కాకుండానే పోయింది. మనలో పసివాళ్ళను దహనం చెయ్యరు కదా, మగవాళ్ళు గుడ్డలో చుట్టి తీసుకెళ్ళి కాలవగట్టున ఎక్కడో పూడ్చి వచ్చారు. ఆడవాళ్ళు అక్కడికి వెళ్ళకూడదు. ఎక్కడని మామగారిని ఒక్కసారి అడిగితే, గుర్తుపెట్టుకుని ఏం చేస్తావని కసిరారట. మళ్ళీ ఎన్నడూ అడగలేదు. తనకొక అక్క పుట్టిందని మావారికే తెలియదు.

మరునాడు ఆవిడే చెప్పులేసుకుని నన్ను బయల్దేరదీశారు. నన్ను మాత్రం కంచె బయట, చెట్టు నీడన నిలబెట్టి, నువ్వు లోపల అడుగుపెట్టావంటే ఒట్టు అన్నారు. జన్మలో తెలిసి శ్మశానం గడప తొక్కని మనిషి ఒంటరిగా ఆ రాళ్ళ మధ్య నుంచి వెళ్ళి, ఎవరో ఐరిష్ తల్లి కన్నబిడ్డ పక్కన చతికిలబడి, పైట చెంగుతో ఎండుటాకులు తుడిచారు. పైకి ఏడవలేదు. కంచె బయట నేనే ఏడ్చాను. నాకు నొప్పులొచ్చేదాకా రోజూ అలాగే వెళ్ళాం, వచ్చి తలస్నానాలు చేశాం.

మా అమ్మాయి బారసాలనాడు పేరు మీరే పెట్టండి అత్తయ్యా అన్నాను. ఆ పాపకు అనుకున్న పేరు ఒకటి ఆవిడ మనసులో ఉండే ఉంటుందని, అదే పెడతారని నా ఆశ. ఆవిడ అడ్డంగా తలూపారు.

"అది దాని పేరమ్మా. ఇవ్వడానికి నాది కాదు."

పిల్ల చెవిలో వేరే పేరు చెప్పి, తరవాత వంగి, నా చెవిలో ఆ పేరు చెప్పారు.

అత్తగారు పోయి చాలాకాలమైంది. మొన్న ఆదివారం ఆ నడకకు మా అమ్మాయిని కూడా తీసుకెళ్ళాను. ఇప్పుడు అక్కడ అడుగడుక్కీ బోర్డులు, చేతుల్లో కాఫీ కప్పులతో మన పిల్లలే సగం మంది. ఎవరికీ మైల పట్టింపు లేదు, ఇంటికెళ్ళి తలస్నానం చేస్తారనీ అనుకోను. మంచిదే. కానీ కంచె బయట నిలబడి ఒకరి కోసం ఒకరు కాచుకునే ఓపిక కూడా దానితోపాటే పోయిందేమో అనిపించింది. అత్తగారి ఊళ్ళో ఆ కాలవగట్టున ఇళ్ళ స్థలాలు వేశారని ఈమధ్యనే విన్నాను. ఇక ఆ చోటు వెతుకుదామన్నా దొరకదు.

ఈసారి కంచె దాటి లోపలికి వెళ్ళాను. ఆ రాయి దగ్గర మా అమ్మాయికి ఈ కథంతా చెప్పాను. అది తన అమెరికా యాసలో "సో, నాకు ఒక అత్త ఉందా అమ్మా? వాళ్ళ నేమ్ ఏంటి?" అంది.

పుట్టి ఇన్నేళ్ళయినా ఆ పేరుతో ఎవరూ పిలవని పిల్ల. అత్తగారు కూడా గుసగుసగానే చెప్పారు. నేను గొంతు సవరించుకుని, పక్కనున్నవాళ్ళకు వినబడేలాగే చెప్పాను.

సుభద్ర.