పప్పులో ఉడికిన వాన

ఆ వానాకాలం గద్వాలలో నేను అద్దెకున్న ఇంటి మిద్దె మీద ఉన్నవి: ప్లాస్టిక్ గరాటు ఒకటి, దాని కింద డబ్బా ఒకటి, పిట్టలు వాలకుండా చుట్టూ నేను వేసిన ముళ్లకంప. కింద వసారాలో తడి ఇసుకలో దించిన లీటరు సీసాలు. మనుషులం ముగ్గురం: గుంట మగ్గంలో ఇంటి యజమాని తాత, పొయ్యి దగ్గర ఆయన భార్య అవ్వ, ఎమ్మెస్సీ పాసయి ఏడాది కూడా తిరగని నేను. తొంభైల మొదటి రోజులవి. నోటుపుస్తకంలో గడి గీసి రాసుకున్నది తప్పుకాదని గట్టిగా నమ్మే వయసు నాది (తిన్న భోజనానికి కూడా ఒక గడి ఉండేది).

పని చిన్నదే. వాన పడ్డప్పుడల్లా సీసాను గీత దాకా నింపి, తేదీ రాసి, నెలాఖరున హైదరాబాదులోని మా సారుకు బస్సులో పంపాలి. ఊరి గాలిలోని నత్రజని మలినం వానతో కిందికి దిగుతుంది. నత్రజనిలో బరువైన రకం, తేలికైన రకం ఉంటాయి. వాటి పాళ్లను బట్టి అది బండ్ల పొగదో, పేడా మురుగులదో చెప్పవచ్చు. ఇదంతా తాతకు అరగంట వివరిస్తే ఆయన మగ్గం ఆపకుండా, బయటి మబ్బుకేసి గడ్డమెత్తి, "అంటే దవాఖానల లెక్క, మొగులు ఏం తిన్నదో దాని ఉచ్చ జూసి చెప్తవన్నమాట" అన్నాడు. నాది ఆరు నెలల ఉద్యోగం. ఫలితాలు బాగుంటేనే పొడిగింపు.

మూడో నెలలో సారు ఉత్తరం వచ్చింది. "పద్దెనిమిదిలో పదమూడు సీసాలు సరిగా ఉన్నాయి. అయిదింటిలో మాత్రం పేడకుప్ప ఉంది. గద్వాల ఆకాశంలో బర్రెలను కట్టేశారా? వారంలో సంజాయిషీ పంపు, లేదా సామాను సర్దుకో." ఆ అయిదు తేదీలను పుస్తకంలో వెతికాను. గాలి, మబ్బు, వాన, అన్నీ మామూలే. చివరి గడిలో మాత్రం అయిదు రోజులూ ఒకే మాట: 'పప్పు వెన్నలా ఉంది. రెండుసార్లు వడ్డించుకున్నాను.'

"అవ్వా, నా సీసాలు ఎవరన్నా ముట్టిండ్రా?"

"నేనే ముట్టిన బిడ్డా. మా బాయి నీళ్లకు పప్పు ఉడుకుతదా? వాన నీళ్లయితే జర సేపట్లనే మెత్తబడ్తది. ఎప్పటికీ నా గంగాళం పెట్టే జాగలనే నువ్వు కంప వేస్తివి. ఇగ నేనేడికి పోవాలె? అయినా ఊకె తీసుకోలే. తీసుకున్నంత బాయి నీళ్లు మల్ల గీత దాకా పోసిపెట్టిన. చేబదులు దెచ్చింది తక్కువిస్తే పాపం గాదు?"

"ఒక మాట చెప్పొచ్చు గదా."

"చెప్తె పుస్తకంల రాస్తడని మీ తాతనే వద్దన్నడు."

"రెండుసార్లు వడ్డించుకున్నది ఎవలో గది గూడ రాసిండా అడుగు" అన్నాడు తాత మగ్గం గుంటలోంచి.

(నీళ్లు చెడకుండా వేసే మందు విషం. దాన్ని బస్సెక్కించే ముందు మాత్రమే వేసేవాణ్ణి కాబట్టి ఇది రాయడానికి మిగిలాను.)

ఆ సాయంత్రం రెండు సంజాయిషీలు రాశాను. ఒకటి నేరం కాకుల మీద పెట్టింది, రెండోది నిజం. కాకులదే శాస్త్రీయంగా కనిపించింది. అయినా నిజమే పోస్టులో వేసి, సామాను సర్ది కూర్చున్నాను. సారు జవాబు రెండు ముక్కలే: "ఆ ఇంటివాళ్లు తాగేది ఆ బావి నీళ్లేనా? వాన సంగతి తర్వాత, ముందు వీధిలోని బావులన్నీ చూడు." బర్రెల కొట్టానికీ మరుగుదొడ్డి గుంతకూ మధ్య ఉన్న ఆ బావిని మూడు నెలలు రోజూ చూస్తూ కూడా నేను ఏ గడిలోనూ రాయలేదు. సీసాల్లోని పేడకుప్ప దానిదేనని తేలింది. అవ్వ తాగే నీళ్లకు పక్క వీధి నల్లా పట్టింది. నాకు పొడిగింపు వచ్చింది. నేనే కంప సగం తీసి గంగాళానికి జాగా ఇచ్చాను.

ఇప్పటికీ వాన మొదలైతే మిద్దె మీద గిన్నె పెడతాను, పరీక్షకు కాదు. ఆ గడుల పుస్తకం నా దగ్గరే ఉంది. చివరి పేజీలో అప్పటి నాలోని పిల్లవాడి గుండ్రటి అక్షరాలు చూస్తే నవ్వొస్తుంది, కొంచెం బెంగ కూడా. మొదటి మూడు నెలల సీసాలు పద్దెనిమిది. పంపిన వాన పదమూడు. తిన్న వాన అయిదు.