మిర్చి షెడ్డులో సెనెగల్

నూర్‌బాషా మీరా హుస్సేన్ గొంతు గుంటూరు చుట్టుపక్కల సగం ఊళ్ళకు తెలుసు. మనిషిని గుర్తుపట్టేవాళ్ళు మాత్రం తక్కువ. ఆటో మీద రెండు మైకులు కట్టుకుని, ఒక చేత్తో హ్యాండిలు, ఇంకో చేత్తో మైకు పట్టుకుని ఊరూరా తిరగడం అతని పని. కొత్త సినిమా వచ్చినా, మంగళగిరి చీరలు తగ్గింపు ధరకు పెట్టినా, చర్చిలో ఉజ్జీవ సభలు జరిగినా, పత్తి విత్తనాల కంపెనీ మీటింగు పెట్టినా ముందుగా వినిపించేది ఆ గొంతే. లోతుగా, కొంచెం బొంగురుగా, వింటున్నవాళ్ళను పేరు పెట్టి పిలిచినట్టుగా ఉండేది.

వాళ్ళ నాన్న దూది ఏకి పరుపులు కుట్టేవాడు. ఏ వీధికి వెళ్ళినా "ఈ ఇంట్లో పరుపు నేను కుట్టిందే, ఆ డాబాలో దిండ్లు నేను కుట్టినవే" అని కొడుకుకు చూపించేవాడు. ఫోమ్ పరుపులు వచ్చి ఆ పని మూలపడ్డాక కూడా ఆయన చూపించడం మానలేదు. మీరా హుస్సేన్‌కు అలా చూపించుకోవడానికి ఏమీ ఉండేది కాదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అరిచినదంతా దుమ్ముతో పాటు రోడ్డు మీదే మిగిలిపోయేది.

తొంభైతొమ్మిదిలో ఒకరోజు పర్చూరు దగ్గర పల్లెలో పురుగుమందు ప్రచారం చేస్తుంటే అంకమ్మరావు అనే రైతు ఆటోకు అడ్డం వచ్చి నిలబడ్డాడు.

"ఒరేయ్ అబ్బాయ్, ఆపు. నిరుడు నీలం డబ్బా కొడితే పచ్చపురుగు పత్తా లేకుండా పోతుందని చెప్పింది నువ్వే గదూ?"

"నేనేనండి."

"ఈ ఏడు ఎర్ర డబ్బా అంటున్నావు. రెంట్లో ఏది నిజం?"

"వాళ్ళు చెప్పమన్నది చెబుతానండి. నాకేం తెలుసు?"

"అది సరే. నీకు తెలిసింది ఎప్పుడు చెబుతావు?"

అంకమ్మరావు కోపంగా అడగలేదు. నవ్వుతూనే అడిగి, ఎండలో వచ్చావంటూ ఇంట్లోంచి మజ్జిగ తెప్పించి ఇచ్చాడు. మజ్జిగ చల్లగా దిగింది గానీ ఆ ప్రశ్న మాత్రం దిగలేదు. ఆ రాత్రి మీరా హుస్సేన్ భార్య మౌలాబీతో, "ఈ పని ఎన్నాళ్ళు చేసినా నాదనేదేం మిగలదే" అన్నాడు. మౌలాబీ తక్కువ మాట్లాడే మనిషి. "నీకు నోరు బాగుంది. ఎక్కడ వాడాలో తెలీలేదు, అంతే" అని ఊరుకుంది.

నిజానికి ఒకచోట తెలుసు. పల్లెల్లో కబడ్డీ పోటీలు జరిగినప్పుడు అతన్ని పిలిచేవాళ్ళు. కూతకు వెళ్ళినవాడి పేరు, ఊరు, వాడు గీత దాకా పాకిన తీరు, అన్నీ చెబుతుంటే ముసలివాళ్ళు కూడా లేచి నిలబడేవాళ్ళు. కానీ ఇంటింటికీ కేబుల్ వచ్చాక ఆ పోటీలు పలచబడ్డాయి. టీవీల షాపు ముందు రోడ్డు మీద నిలబడి క్రికెట్ చూస్తున్న జనాన్ని దాటుకుని ఆటో తోలుకుంటూ, 'ప్రపంచంలోని ఆటలన్నీ మనూరికి వచ్చేశాయి, వాటితో పాటు చెప్పేవాళ్ళు కూడా వచ్చేశారు, ఇక నాతో పనేముంది' అనుకునేవాడు.

మౌలాబీ ఏటుకూరు రోడ్డులో ఒక మిర్చి షెడ్డులో పనిచేసేది. కోల్డ్ స్టోరేజీ నుంచి వచ్చిన టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, విప్పి, కాయల్ని గుట్టలుగా పోసి, చుట్టూ కూర్చుని తొడిమలు తీయడం ఆడవాళ్ళ పని. ముక్కుకు గుడ్డ కట్టుకున్నా ఘాటుకు తుమ్ములు ఆగవు. ఒకరు మొదలెడితే వరసగా అందరూ తుమ్మేవాళ్ళు. షెడ్డు యజమాని కొడుకు చైతన్యకృష్ణ బెంగళూరులో చదివొచ్చాడు. కాలేజీలో ఫుట్‌బాల్ ఆడినవాడు. రెండువేల రెండులో ప్రపంచ కప్పు మొదలయ్యే రోజుకు షెడ్డు పక్కన ఆఫీసు గదిలో రంగుల టీవీ పెట్టించి, పూర్తి సౌండుతో కూర్చున్నాడు.

ఆ సాయంత్రం టీవీలోంచి వస్తున్న హోరుకు ఆడవాళ్ళ చేతులు ఆగిపోయాయి. ఒక్కొక్కరే లేచి కిటికీ దగ్గరికి వెళ్ళడం మొదలుపెట్టారు. మేస్త్రి కోటిరత్నం గొంతు చించుకుంది.

"అమ్మాయిలూ, కాయ అట్టాగే ఉంది. బంతాట చూస్తే తొడిమలు వాటంతటవే ఊడతాయా?"

"ఊరికే అరుపులు వినబడుతుంటే చేతులు ఆడటంలా కోటిరత్నం. ఏమైందో తెలిస్తే మా పని మేం చేసుకుంటాం" అంది పుల్లమ్మ. ఆ షెడ్డులో అందరికంటే పెద్దది ఆవిడే.

సరిగ్గా అప్పుడే, ఎప్పటికంటే పెందలాడే, మౌలాబీని ఇంటికి తీసుకెళ్ళడానికి మీరా హుస్సేన్ ఆటో గేటులోకి వచ్చింది. మౌలాబీ ఆటో మీది మైకుల వైపు చూసింది, మొగుడి వైపు చూసింది.

"ఏమయ్యా, ఆ మైకు పట్టుకుని కిటికీ దగ్గర నిలబడు. లోపల ఏం జరుగుతుందో మాకు చెప్పు."

"నాకా ఆట తెలీదే!"

"కళ్ళున్నాయిగా. కనపడింది చెప్పు."

చైతన్యకృష్ణకు కూడా సరదా పుట్టింది. "రా హుస్సేన్, నేను పక్కన చెబుతుంటాను" అన్నాడు. మీరా హుస్సేన్ గొంతు సవరించుకుని, ఒక తుమ్ము తుమ్మి, మొదలుపెట్టాడు.

"అమ్మలారా, అక్కలారా! నీలం చొక్కాల వాళ్ళు ఫ్రాన్సు దేశం. పోయినసారి కప్పు గెల్చింది వీళ్ళే. తెల్ల చొక్కాల వాళ్ళు సెనెగల్. ఆఫ్రికాలో చిన్న దేశం. ప్రపంచ కప్పుకు రావడం ఇదే మొదలు. చేత్తో ముట్టుకోకూడదంట. కబడ్డీలో గీత ఉన్నట్టు ఇక్కడా గీతలున్నాయి... అదిగో, ఈల వేశాడు, ఆట ఆపాడు! ఎందుకు ఆపాడో... నాకూ తెలీదు."

షెడ్డంతా గొల్లుమంది. మీరా హుస్సేన్ ఒక్క క్షణం తడబడ్డాడు. ఇన్నేళ్ళలో మైకు ముందు 'నాకు తెలీదు' అనడం అదే మొదటిసారి. పురుగుమందు గురించి గానీ, చీరల గురించి గానీ ఆ మాట అనే వీలు లేదు. అన్నాక మాత్రం చెవుల్లో నీళ్ళు బయటికి పోయినట్టు హాయిగా అనిపించింది. చైతన్యకృష్ణ ఆఫ్‌సైడు గురించి చెవిలో చెప్పాడు. మీరా హుస్సేన్ దాన్ని, "పెళ్ళి పందిట్లో అందరికంటే ముందే వెళ్ళి విస్తరి ముందు కూర్చుంటే ఒప్పుకోరు, అదన్నమాట" అని అప్పజెప్పాడు.

అరగంటకు సెనెగల్ గోలు కొట్టింది. కిందపడి లేచి మరీ బంతిని లోపలికి నెట్టాడో పొడగరి. ఆ తర్వాత చొక్కా విప్పి మైదానం మూల నేల మీద పరిచాడు. జట్టంతా దాని చుట్టూ చేరి చిందేసింది. మీరా హుస్సేన్ అది చెబుతుంటే మాట కంటే నవ్వే ఎక్కువ వచ్చింది. ఆడవాళ్ళు చేతులు ఆపకుండానే ఊగారు. పుల్లమ్మ మాత్రం ఆగలేక లేచి వెళ్ళి కిటికీలోంచి ఒక చూపు చూసొచ్చింది.

"అచ్చం మా పుట్టింటి కొత్తపట్నం పిల్లల్లాగే ఉన్నారే! నిగనిగలాడుతూ, కాళ్ళు పొడుగ్గా... ఇహ నుంచి వాళ్ళు మనవాళ్ళు" అని తేల్చేసింది.

సెనెగల్ గెలిచింది. ఆ రోజు పని ఎప్పటికంటే ముందే తెమిలిందని కోటిరత్నమే ఒప్పుకుంది. ఆటో ఇంటికి వెళుతుంటే మౌలాబీ వెనక సీట్లోంచి, "రేపు కూడా ఉందంట" అంది.

రేపే కాదు, ఆ నెలంతా ఉంది. తూర్పున ఎక్కడో జరుగుతున్న ఆటలు ఇక్కడికి మధ్యాహ్నం, సాయంత్రం వేళల్లో, సరిగ్గా షెడ్డు పని నడిచేటప్పుడే వచ్చేవి. మీరా హుస్సేన్ ప్రచారం పని పొద్దున్నే ముగించుకుని పన్నెండింటికల్లా కిటికీ దగ్గరికి చేరేవాడు. చూసే తీరిక ఉన్నవాళ్ళకు అతను అక్కర్లేదు. చేతులూ కళ్ళూ మిరపకాయల మీద ఉన్నవాళ్ళకు మాత్రం అతను లేకపోతే ఆట లేదు. అది అతనికి అర్థమయ్యేకొద్దీ గొంతులో ఏదో కొత్త జీవం వచ్చింది. స్వీడన్ మీద సెనెగల్ గెలిచిన ఆదివారం షెడ్డుకు సెలవు. అయినా సగంమంది పిల్లల్ని వెంటబెట్టుకుని మరీ వచ్చారు. పుల్లమ్మ చర్చి నుంచి నేరుగా వచ్చింది. ప్రార్థన విన్నపాలు చెప్పమంటే "సెనెగల్ పిల్లల కాళ్ళకు దెబ్బలు తగలకుండా" అని చెప్పిందట. పాస్టరుగారు సెనెగల్ అంటే ఏదో పాలెం అనుకుని, "అక్కడ మన సంఘం ఉందామ్మా?" అని అడిగారట.

తర్వాతి ఆట టర్కీతో, శనివారం సాయంత్రం. ఆరోజు మీరా హుస్సేన్‌కు ఇంకొల్లు వైపు విత్తనాల ప్రచారం పడింది. పత్తి గింజలు పెట్టే అదను, కాదనడానికి లేదు. నాలుగింటికల్లా వచ్చేస్తానని మాటిచ్చి వెళ్ళాడు. తీరా ప్రత్తిపాడు దగ్గరికి వచ్చేసరికి ఆటో క్లచ్ వైరు తెగింది. మెకానిక్కును వెతికి పట్టుకునేసరికే ఆట సగం దాటింది. బజారులో అలీ సాహెబ్ ఎస్టీడీ బూత్‌లో చిన్న టీవీ నడుస్తోంది. మీరా హుస్సేన్ లోపలికి దూరి షెడ్డుకు ఫోను కలిపాడు. ఎత్తింది మౌలాబీ.

"ఎక్కడున్నావయ్యా? ఇక్కడ కరెంటు పోయి గంటయింది. టీవీ లేదు. చైతన్యబాబు జనరేటరు దగ్గర కుస్తీ పడుతున్నాడు. అందరూ నా మొహమే చూస్తున్నారు!"

"పెట్టేయకు. నేను చెప్పింది చెప్పినట్టు వాళ్ళకు చెప్పు."

"నేనా?"

"నువ్వే. సెనెగల్ వాడు కుడిపక్క నుంచి తోసుకొస్తున్నాడు, చెప్పు!"

మౌలాబీ మొదట గొణిగింది. వెనకనుంచి "వినపళ్ళా!" అని కేకలు వచ్చాయి. గొంతు కాస్త పెంచింది. మూడో మాటకు ఇంకా పెంచింది, పదో మాటకు రిసీవరు చెవికి అదిమిపెట్టి కుర్చీ ఎక్కింది. పెళ్ళయినప్పటి నుంచీ ఆమె అంత గట్టిగా మాట్లాడటం ఎవరూ వినలేదు. ఫోనులో తన మాటలే భార్య గొంతుతో తిరిగి వినబడుతుంటే మీరా హుస్సేన్‌కు ఒళ్ళు పులకరించింది. అతను "బంతి పోయింది" అంటే ఆమె "అయ్యో, పోయిందమ్మా, చేతిదాకా వచ్చిన బంతి!" అని ఇంకో మాట కలిపేది. ఇక్కడ బూత్‌లో అలీ సాహెబ్ మీటరు చూడటం మానేసి టీవీ చూస్తున్నాడు.

ఆట సమానంగా ముగిసి అదనపు సమయంలోకి వెళ్ళింది. ముందు గోలు కొట్టిన వాళ్ళదే గెలుపు. పనివేళ దాటిపోయినా షెడ్డులోంచి ఒక్కరూ కదల్లేదు. కాసేపటికే టర్కీ కొట్టేసింది. బూత్‌లో అలీ సాహెబ్ బల్ల మీద గట్టిగా ఒక్క చరుపు చరిచాడు.

"ఏమైందయ్యా?" అంది మౌలాబీ.

"అయిపోయిందే. మనవాళ్ళు ఓడిపోయారు."

ఆమె ఆ మాట షెడ్డులోకి చెప్పలేదు. కుర్చీ దిగింది. అందరికీ అర్థమైంది. పుల్లమ్మ లేచి వచ్చి, "ఓడితే ఓడారు. ఏడుస్తున్నారేమో అడుగు" అంది.

"కొందరు నేలమీద కూర్చుండిపోయారు. టర్కీ వాళ్ళు వచ్చి చెయ్యిచ్చి లేపుతున్నారు" అన్నాడు మీరా హుస్సేన్.

"మంచి పిల్లలే. కాస్త అన్నం తిని పడుకోమను" అని పుల్లమ్మ చీర దులుపుకుంది. నవ్వు ఒక మూల మొదలై షెడ్డంతా పాకింది.

కప్పు ముగిశాక కిటికీ దగ్గర నిలబడాల్సిన పని లేకపోయింది. అయినా ఆడవాళ్ళు వదల్లేదు. "ఏదో ఒకటి చెప్పు, చెవులు ఖాళీగా ఉన్నాయి" అన్నారు. చైతన్యకృష్ణ షెడ్డులో స్పీకరు బిగించి, రోజూ మధ్యాహ్నం ఒక గంట మీరా హుస్సేన్‌ను పెట్టుకున్నాడు. క్రికెట్టు, టెన్నిస్, ఒలింపిక్స్ పరుగులు, ఏదుంటే అది చెప్పేవాడు. పక్క షెడ్డుల వాళ్ళూ పిలిచారు. ప్రచారం ఆటో మానలేదు గానీ అందులోనూ పద్ధతి మార్చాడు. కొట్టు ఎక్కడుంది, ఏమేం దొరుకుతాయి అనేది చెబుతాడు. ఏ మందు వాడితే ఏ పురుగు చస్తుందో తను చూడలేదు కాబట్టి చెప్పనంటాడు. రెండు కంపెనీలు వేరే గొంతును వెతుక్కున్నాయి. కబడ్డీ వాళ్ళు మాత్రం మళ్ళీ వెతుక్కుంటూ వచ్చారు. కొన్ని పోటీలకు మౌలాబీ కూడా వెళ్ళి రెండో మైకు పట్టుకునేది.

రెండువేల ఆరులో కప్పు జర్మనీలో జరిగింది. ఆటలన్నీ రాత్రుళ్ళే. మీరా హుస్సేన్ ఇంట్లో చూసి, మర్నాడు షెడ్డులో మొదటి నుంచి చివరి దాకా కథలా చెప్పేవాడు. ఫైనల్ మర్నాడు సోమవారం. ఎర్రబడ్డ కళ్ళతో వచ్చి మైకు పట్టుకున్నాడు. ఫ్రాన్సు కెప్టెను, ఆట మానేసే ముందు ఆఖరిసారి ఆడుతున్నవాడు, ఇటలీ వాడు వెనకనుంచి ఏదో అనగానే వెనక్కి తిరిగి, గిత్త కుమ్మినట్టు రొమ్ము మీద తలతో కుమ్మాడనీ, ఎర్రకార్డు చూపిస్తే తలవంచుకుని కప్పు పక్కనుంచే నడుచుకుంటూ వెళ్ళిపోయాడనీ చెప్పాడు.

చేతులన్నీ ఒక్కసారి ఆగాయి.

"వాళ్ళమ్మనో, అక్కనో అనుంటాడు. బాగా చేశాడు!" అంది పుల్లమ్మ.

"ఏమన్నా సరే, కప్పు ముందు పెట్టుకుని అంత కోపమా?" అంది కోటిరత్నం.

షెడ్డు రెండుగా చీలిపోయింది. ఆ వారమంతా గుట్టకు ఇటువైపు వాళ్ళు కుమ్మడం న్యాయమనీ, అటువైపు వాళ్ళు అన్యాయమనీ వాదించుకున్నారు. మౌలాబీ ఒకరోజు ఇటు, ఒకరోజు అటు కూర్చుంది. చివరికి అందరూ కలిసి మీరా హుస్సేన్‌నే తేల్చమన్నారు.

"వాడేమన్నాడో నాకు వినపళ్ళేదమ్మా. నేను చూసింది చెప్పాను, తీర్పు మీరే చెప్పుకోండి" అన్నాడతను. అని, గుడ్డతో ముక్కు తుడుచుకుని, కొట్లాట మళ్ళీ మొదలవుతుంటే నవ్వుకుంటూ మైకు పుల్లమ్మ చేతికిచ్చాడు.