ఆగయ్య నమ్మిన పావుగంట

ఓదెలు చేతికి ఏనాడూ గడియారం పెట్టలేదు. ఇరవై ఏళ్లు భివండిలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపినవాడికి గడియారమెందుకు? మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడెలో నూలు కండె అయిపోయే వేళకు చూడకుండానే చెయ్యి లేస్తుంది. పక్క సాంచా నడిపే స్నేహితుడు ఆగయ్యదీ అదే చెయ్యి. సాంచాలు మూతబడ్డ ఏడాది ఇద్దరూ కలిసి పరదేశంలో ఓ ఆసుపత్రికి తుడుపు పనికి పోయారు. అక్కడ యుద్ధం వచ్చింది. ఆసుపత్రి మీద బాంబు పడింది. ఓదెలు ఒక్కడే తిరిగొచ్చాడు.

వచ్చి ఆగయ్య భార్య వెంకవ్వకు ఒక అబద్ధం చెప్పాడు, బాంబు చెప్పాపెట్టకుండా వేశారని. రెండేళ్లుగా ఆమె ఆ మాట పట్టుకునే బతుకుతోంది.

ఇప్పుడు ఆ దాడి యుద్ధనేరమా కాదా అని విచారించే అంతర్జాతీయ బృందం తరఫున కళ అనే వకీలు భివండిలో వరాలా తలావ్ చెరువు దగ్గర ఓదెలు ఉండే ఒంటిగది ఖోలీకి వచ్చింది. వెంకవ్వా వచ్చి కూర్చుంది.

పూర్వం యుద్ధంలో పొద్దుగూకితే కత్తులు దించాలనే కట్టుండేదట. ఆయుధం లేనివాణ్ని కొట్టరాదనీ ఉండేదట. ఆ కట్లు రాసిన గ్రంథాలే అవి తెగిన కథలూ రాశాయి. అయినా అడిగేవాళ్లంటూ ఉండాలి కదా.

"దాడికి ముందు హెచ్చరిక వచ్చిందా అన్నా?" అడిగింది కళ.

"ఏడికెల్లి వస్తది?" వెంకవ్వే అందుకుంది. "చెప్పు ఓదెలూ, నోట్ల నాలికె లేదా?"

ఓదెలు నోరు విప్పాడు. "వచ్చింది. గేటు కాడి ఫోన్‌కు. పావుగంటల ఖాళీ చెయ్యున్రి అన్నరు."

వెంకవ్వ మొహం నల్లబడింది.

"సైన్యమూ అదే అంటోంది," అంది కళ. "నిజంగా అంత వ్యవధి ఇచ్చి ఉంటే వాళ్ల వాదనకు బలం వస్తుంది. ఇచ్చారా?"

"ఇయ్యలే. ఒక్క కండె సుత అయిపోలే, ఏసిన్రు."

కళకు అర్థం కాలేదు. ముగ్గురూ ఓదెలు మళ్లీ పనికి కుదిరిన సాంచాల కార్ఖానాకు నడిచారు. ఓదెలు కొత్త కండె ఎక్కించి సాంచా విడిచాడు. కళ ఫోనులో సమయం నొక్కింది. మాట వినబడని ఆ మోతలో అతని చెయ్యి లేచింది, నూలు అయిపోయింది. ఐదు నిమిషాలు.

బయటికొచ్చాక కళ అడిగింది, "ఆసుపత్రి పై అంతస్తులో రోగులెందరు?"

"లేవలేనోళ్లే పందొమ్మిది. చెరొకల్ని దించినం. 'ఇగ సాలు, రా' అన్న నేను. 'పావుగంటంటే మూడు కండెలు గదరా పిరికోడా, ఒక్కటన్న కాలే' అని నవ్వుకుంట ఆగయ్య మళ్ల పైకి వోయిండు."

"నువ్వో?" అంది వెంకవ్వ.

"నేను పోలే, వదినె."

కళ తాను రాసుకున్న వాంగ్మూలం చదివి వినిపించింది. హెచ్చరిక, పావుగంట గడువు, ఐదు నిమిషాలు నిండకముందే దాడి.

"గీడు పోలేదన్నది రాయలే," అంది వెంకవ్వ.

"చట్టానికి అది అవసరం లేదమ్మా."

"నాకున్నది. రాయి."

కళ ఓదెలు వైపు చూసింది. అతను తలూపాడు. ఆ ఒక్క వాక్యం చేర్చాక కాగితం అందుకుని, దాని కిందే సంతకం పెట్టాడు. పెట్టేదాకా నిలబడి చూసి, వెంకవ్వ వెళ్లిపోయింది.